వారపు వేతనం నెలసరిగా మారినప్పుడు: శ్రామికులు చూసుకోవలసిన లెక్క, తెలుసుకోవలసిన చట్టం

మాడుగుల (అనకాపల్లి జిల్లా):

వేతనం ఎంత అన్న ప్రశ్నకు లభించే ప్రాధాన్యం వేతనం ఎన్నాళ్లకు ఒకసారి అన్న ప్రశ్నకు సాధారణంగా లభించదు. రోజు కూలి పది రూపాయలు తగ్గిస్తే ఆ సాయంత్రమే పనివారంతా ఒకచోట గుమిగూడతారు. వచ్చే నెల నుంచి వారం వారం కాక నెలకొకసారి చెల్లింపు అని గోడమీద కాగితం అంటిస్తే మాత్రం అది లెక్కల గుమస్తాకు సంబంధించిన వ్యవహారమని భావించి ఊరకుండడం కద్దు. ఈ రెండవ మార్పు వలన కుటుంబంపై పడే భారం మొదటిదానికంటే అధికంగా ఉండే సందర్భాలు లేకపోలేదు. మార్పునకు ముందు లభించే కొద్ది రోజుల వ్యవధిలో శ్రామికులు ఏమి అడగాలో, ఏమి రాయించుకోవాలో తెలిసి ఉంటే ఆ భారంలో అధికభాగాన్ని నివారించుకోవచ్చు.

మాడుగుల ప్రాంతం పాడేరు ఘాట్ రోడ్డుకు దిగువన, తూర్పు కనుమల పాదాన ఉన్నది. పూర్వపు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. హల్వా తయారీకి మాడుగుల పేరు రాష్ట్రమంతటా సుపరిచితం. చోడవరం సమీపంలోని గోవాడలో సహకార రంగంలో చక్కెర కర్మాగారం నెలకొన్నది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు సంగతి చెప్పనవసరం లేదు. ఇటువంటి ప్రాంతాలలో పొలం పని, మిల్లు పని, దుకాణంలో పని, తయారీ కేంద్రంలో పని ఒకే కుటుంబంలోని వేర్వేరు సభ్యులు చేస్తూ ఉంటారు. ఒకరికి ఏ రోజు కూలి ఆ రోజు, ఒకరికి శనివారం, మరొకరికి నెల మొదటి వారంలో డబ్బు అందుతుంది. ఇంటి ఖర్చు ఈ మూడింటి మీద సర్దుబాటు అయి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి కదిలినా మిగిలిన సర్దుబాటు అంతా కదులుతుంది.

ఏడాది జీతం నుంచి నెల జీతం వరకు

ఉత్తరాంధ్ర పల్లెలలో రైతు ఇంట ఏడాది పొడవునా పనిచేసే వ్యక్తిని కంబారి అని పిలిచేవారు. ఇతర ప్రాంతాలలో పాలేరు, జీతగాడు అన్న పేర్లు ఉండేవి. ఒప్పందం సంవత్సరానికి, ప్రతిఫలంలో పెద్దభాగం ధాన్యం రూపంలో, పంట చేతికి వచ్చిన తరువాత. నడుమ పెళ్లి వచ్చినా, జబ్బు చేసినా కంబారి అదే రైతు వద్ద ముందుగా పుచ్చుకోవలసి వచ్చేది. ఏడాది చివర లెక్క చూసినప్పుడు రావలసిన దానికంటే ఇవ్వవలసినదే ఎక్కువగా తేలితే మరుసటి ఏడాది కూడా ఆ ఇంటిలోనే పని. చెల్లింపుల నడుమ దూరం ఎక్కువైన కొద్దీ అప్పు ఏ విధంగా పుడుతుందో, ఆ అప్పు మనిషిని ఏ విధంగా కట్టి ఉంచుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టం తాను నిషేధిస్తున్న పద్ధతులను పేరుపేరునా పేర్కొన్నది. ఆ జాబితాలో పాలేరు, జీత, భగేలా, వెట్టి అన్న పేర్లు ఉండడం గమనార్హం.

కర్మాగారాల శ్రామికుల విషయంలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. 1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్ నెలసరి చెల్లింపునకూ, శ్రామికుల రుణభారానికీ గల సంబంధాన్ని పరిశీలించింది. జౌళి మిల్లులు, రైల్వే వర్క్‌షాపులు, ఇనుము ఉక్కు కర్మాగారాల వంటి చోట్ల 16 రోజులకు మించకుండా వేతనం చెల్లించాలని సిఫార్సు చేసింది. తరువాత వచ్చిన వేతనాల చెల్లింపు చట్టం, 1936 అంత దూరం వెళ్లలేదు. వేతన కాలం ఒక నెలకు మించరాదని మాత్రం కట్టడి చేసి, వేయి మంది కంటే తక్కువ పనిచేసే చోట ఏడవ రోజులోగా, మిగిలిన చోట్ల పదవ రోజులోగా చెల్లించాలని నిర్దేశించింది. ఆ చట్టం 1937 మార్చి 28 నుంచి అమలులోకి వచ్చింది. సుమారు తొమ్మిది దశాబ్దాల పాటు మన దేశంలో జీతాల తేదీని నిర్ణయించినది ఇదే.

ప్రస్తుతం అమలులో ఉన్న నిబంధనలు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్, 2019 పై చట్టం స్థానాన్ని ఆక్రమించింది. పాత చట్టం నిర్ణీత పరిమితి లోపు వేతనం గలవారికే వర్తించేది. కొత్త కోడ్‌కు అటువంటి పరిమితి లేదు. చిన్న దుకాణంలో పనిచేసే వ్యక్తి మొదలు కర్మాగారపు శ్రామికుని వరకు వర్తిస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రం, ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, చెల్లింపు గడువుల అధ్యాయం వర్తించదు.

ఈ కోడ్ ప్రకారం యజమాని వేతన కాలాన్ని రోజు, వారం, పక్షం, నెల అన్న నాలుగింటిలో ఒకటిగా నిర్ణయించాలి. నెలకు మించి ఉండరాదు. రోజువారీ అయితే షిఫ్టు ముగిసినప్పుడు, వారపు పద్ధతి అయితే వారాంతపు సెలవుకు ముందు వచ్చే చివరి పనిదినాన చెల్లించాలి. పక్షపు వేతనం పక్షం ముగిసిన రెండవ రోజు పూర్తయ్యేలోగా, నెలసరి వేతనం మరుసటి నెల ఏడవ తేదీ పూర్తయ్యేలోగా అందజేయాలి. ఉద్యోగి పని మానుకున్నా, తొలగింపబడినా, సంస్థ మూతపడినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో చెల్లించవలసి ఉంటుంది.

కాబట్టి వారపు వేతనాన్ని నెలసరిగా మార్చే అధికారం యజమానికి ఉన్నది. అయితే దానిని రాత్రికి రాత్రి మార్చే అధికారం లేదు. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోని 40వ సెక్షను ప్రకారం, మూడవ షెడ్యూలులో పేర్కొన్న సేవా నిబంధనలలో దేనినైనా మార్చదలచిన యజమాని సంబంధిత శ్రామికులకు ముందుగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన 21 రోజుల వరకు ఆ మార్పును అమలు చేయరాదు. ఆ షెడ్యూలులో మొట్టమొదటి అంశం వేతనాలు, వాటి చెల్లింపు కాలం, చెల్లింపు విధానం. ఇది కొత్తగా వచ్చిన రక్షణ కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ 21 రోజుల నోటీసు నిబంధన ఉండేది. అప్పుడూ ఇప్పుడూ దీని గురించి తెలిసినవారు తక్కువ.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని విస్మరించరాదు. ఉభయపక్షాల మధ్య కుదిరిన ఒడంబడిక మేరకు జరిగే మార్పునకు ఈ నోటీసు అవసరం లేదు. అందువలన యాజమాన్యం ఏదైనా కాగితంపై సంతకం కోరినప్పుడు అది కేవలం సమాచారం అందినట్లు రసీదా, లేక మార్పునకు అంగీకార పత్రమా అన్నది చదివించుకొని గాని సంతకం చేయరాదు. రసీదు మాత్రమే అయితే "నోటీసు అందినది" అని తేదీతో సహా రాసి సంతకం చేస్తే సరిపోతుంది.

నాలుగుతో గుణించే పొరపాటు

నోటీసు అందగానే మొట్టమొదట చూడవలసినది నెల వేతనం అంకె. ఇందులో జరిగే పొరపాటు చూడడానికి చాలా చిన్నది. నెలకు నాలుగు వారాలు అని అందరి నోటా వినవచ్చే మాటే దీనికి మూలం.

ఉదాహరణకు రోజుకు 500 రూపాయల చొప్పున వారానికి ఆరు రోజులు పనిచేసే వ్యక్తికి ప్రతి శనివారం 3,000 రూపాయలు అందుతున్నదనుకుందాం. నాలుగు వారాలకు 12,000 రూపాయలు కనుక నెల వేతనం 12,000 అని యాజమాన్యం ప్రకటిస్తే చాలామందికి అది సబబుగానే తోస్తుంది. కాని సంవత్సరానికి వారాలు 48 కావు, 52. వారపు లెక్కన ఏడాదికి 1,56,000 రూపాయలు రావలసి ఉండగా, నెలకు 12,000 చొప్పున అందేది 1,44,000 మాత్రమే. తేడా 12,000 రూపాయలు, అనగా సరిగ్గా నాలుగు వారాల కష్టం. రోజు కూలి ఒక్క పైసా తగ్గించినట్లు ఏ కాగితంలోనూ ఉండదు.

సరైన పద్ధతి వారపు వేతనాన్ని 52తో గుణించి 12తో భాగించడం. పై ఉదాహరణలో అది 13,000 రూపాయలు అవుతుంది. రోజు వేతనాన్ని 26తో గుణించినా అదే అంకె వస్తుంది. పక్షానికొకసారి జీతం పుచ్చుకునేవారు కూడా ఈ విషయంలో జాగ్రత్త వహించాలి. రెండు వారాలకొకసారి చెల్లిస్తే సంవత్సరానికి 26 చెల్లింపులు; నెలకు రెండుసార్లు, అనగా 15వ తేదీన, నెలాఖరున చెల్లిస్తే 24 చెల్లింపులు. మాటలో రెండూ పక్షానికొకసారి అనే వినిపిస్తాయి. 26 చెల్లింపుల కాలంలో అందిన మొత్తాన్నే 24 చెల్లింపులకు కొనసాగిస్తే రెండు చెల్లింపులు మాయమైనట్లే.

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి ఈ లెక్క కొత్త కాదు. అక్కడ రెండు వారాలకొకసారి జీతం ఇచ్చే సంస్థలు అనేకం. అటువంటి చోట ఏడాదిలో సాధారణంగా రెండు నెలల్లో మూడేసి చెల్లింపులు వస్తాయి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో నెలకు కనీసం రెండుసార్లు చెల్లించాలన్నది సాధారణ నియమం. అద్దె మాత్రం నెలకొకసారే కట్టాలి. కొత్తగా వెళ్లినవారు తొలి ఏడాది తడబడేది ఈ పొంతన కుదరక పోవడం వల్లనే.

ముప్పై ఏడు రోజుల అంతరం

నెల వేతనం అంకె సరిగానే ఉన్నదనుకుందాం. అప్పటికీ మిగిలే సమస్య మొదటి నెల. పై ఉదాహరణలోని శ్రామికునికి మే 31 శనివారంనాడు చివరి వారపు వేతనం అందినది, జూన్ 1 నుంచి నెలసరి పద్ధతి మొదలైనదనుకుంటే, జూన్ నెల వేతనం జూలై 7లోగా అందవచ్చు. అంటే మే 31 తరువాత మళ్లీ చేతిలో డబ్బు పడడానికి 37 రోజులు. అంతకుముందు ఏడు రోజులకొకసారి సంతకు వెళ్లి సరుకులు తెచ్చుకున్న ఇల్లు ఇప్పుడు అయిదు వారాల పైచిలుకు గడుపుకు రావాలి. పాత లెక్కన ఆ అయిదు వారాలకు చేతికి రావలసినది 15,000 రూపాయలు.

ఈ సొమ్ము ఎక్కడికీ పోలేదు, పని చేసినందుకు రావలసినదే, కొంత ఆలస్యంగా వస్తుంది అంతే అన్న సమాధానం యాజమాన్యాల వైపు నుంచి వినవస్తుంది. ఆ మాట నిజమే. అయితే ఆలస్యం అయినంత కాలం ఆ సొమ్ము ఎవరి వద్ద ఉన్నది అన్నది ప్రశ్న. వారపు పద్ధతిలో శనివారం ఉదయానికి యజమాని శ్రామికునికి బాకీ ఉండేది సుమారు 3,000 రూపాయలు. నెలసరి పద్ధతిలో ఏడవ తేదీ చెల్లింపు వేళకు జూన్ నెల 13,000, జూలై మొదటి వారం 3,000 కలిసి 16,000 రూపాయల వరకు బాకీ పేరుకొని ఉంటుంది. నలభై మంది పనిచేసే చోట అది 6,40,000 రూపాయలు. తొలినెల తరువాత ఇది తీరిపోదు. ఉద్యోగం చేసినంత కాలం ఇదే స్థాయికి నెలనెలా పెరుగుతూ ఉంటుంది. శ్రామికులు యాజమాన్యానికి వడ్డీ లేకుండా సమకూర్చే పెట్టుబడిగా దీనిని చెప్పుకోవలసి ఉంటుంది.

అటు ఇంటి ఖర్చుకు అప్పు చేస్తే మాత్రం వడ్డీ తప్పదు. పల్లెలలో నూటికి నెలకు మూడు రూపాయలు, అయిదు రూపాయలు అన్నది వాడుకలో ఉన్న మాట. 15,000 రూపాయలకు అయిదు రూపాయల వడ్డీ అంటే నెలకు 750 రూపాయలు, అనగా పై ఉదాహరణలో ఒకటిన్నర రోజుల కూలి. అసలు తీరనంత కాలం ఇది కొనసాగుతుంది.

రావలసిన సొమ్ము ఆలస్యమైతే దానికి ఖరీదు ఉంటుందని చట్టాలు ఇతర సందర్భాలలో అంగీకరించాయి. చోడవరం ప్రాంతపు చెరకు రైతులకు ఇది తెలిసిన విషయమే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు, చెరకు అందిన 14 రోజులలో ధర చెల్లించాలనీ, ఆపైన జాప్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలనీ నిర్దేశించింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం, 2005 కూడా కూలిని వారానికొకసారి, ఎట్టి పరిస్థితులలోనూ పక్షం దాటకుండా చెల్లించాలని చెప్పింది. మస్టరు ముగిసిన పదహారవ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం దాని షెడ్యూలులో చేర్చబడింది. ఆ చట్టం స్థానే కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించిన సంగతి విదితమే.

మన రాష్ట్రంలోనే మరొక ఉదంతం ఉన్నది. కోవిడ్ సమయంలో 2020 మార్చి నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల వేతనాలలో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. వాయిదా పడిన మొత్తంపై 12 శాతం వడ్డీ చెల్లించాలని హైకోర్టు ఆదేశించగా, ప్రభుత్వ అప్పీలుపై సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 8న దానిని 6 శాతానికి తగ్గించింది. వడ్డీ రేటు తగ్గినప్పటికీ, చేసిన సేవకు రావలసిన వేతనం ఉద్యోగుల హక్కు అన్న సూత్రం నిలిచింది.

21 రోజులలో అడగదగినవి

నోటీసు అందిన నాటి నుంచి లభించే 21 రోజులు శ్రామికులకు అత్యంత విలువైనవి. మార్పును అడ్డుకోవడం సాధ్యం కాకపోయినా, దానిని ఏ విధంగా అమలు చేయాలన్న విషయంలో మాట్లాడడానికి ఇదే అదను. మార్పు జరిగిపోయిన తరువాత ఇదే కోరికకు అంత బలం ఉండదు.

అన్నింటికంటే ముఖ్యమైనది మొదటి నెల మధ్యలో అడ్వాన్సు. పై ఉదాహరణలో జూన్ 15న రెండు వారాల వేతనానికి సమానంగా 6,000 రూపాయలు అడ్వాన్సుగా ఇచ్చి, తరువాతి ఆరు నెలల జీతాలలో నెలకు 1,000 రూపాయల వంతున మినహాయించుకుంటే యాజమాన్యానికి నష్టం లేదు, ఇంటికి గండం గడుస్తుంది. వడ్డీ ఉండదని, ఎన్ని వాయిదాలలో మినహాయిస్తారో కాగితంపై రాయించుకోవాలి. అడ్వాన్సు వసూలుతో సహా అన్ని మినహాయింపులూ కలిపి ఏ వేతన కాలంలోనూ వేతనంలో 50 శాతానికి మించరాదని వేతనాల కోడ్ చెబుతున్నది.

ఒకేసారి వారం నుంచి నెలకు దూకకుండా మొదట రెండు మూడు నెలలు పక్షపు చెల్లింపు, ఆపైన నెలసరి అన్న క్రమాన్ని కోరవచ్చు. చెల్లింపు తేదీని ఏడుకు బదులు ఒకటవ లేదా రెండవ తేదీకి జరపమని అడగడం కూడా న్యాయమే. ఏడవ తేదీ చట్టం విధించిన గరిష్ఠ గడువు మాత్రమే, అంతకుముందు ఇవ్వడానికి అడ్డు లేదు. ఏ నెలలో మార్పు మొదలవుతుంది అన్నదీ స్వల్ప విషయం కాదు. జూన్‌లో బడులు తెరుస్తారు, పుస్తకాలు, బట్టలు, ఫీజులు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. జనవరిలో సంక్రాంతి. మోదకొండమ్మ తల్లి పండుగ వేళ ఈ ప్రాంతంలో ఏ ఇంటా చేతిలో డబ్బు నిలవదు. ఇటువంటి నెలలను తప్పించి మార్పును ప్రారంభించమని కోరితే చాలామంది యజమానులు కాదనకపోవచ్చు. వారూ ఆ ఊరివారే కదా.

కోర్కెలను ఒక్కొక్కరు వేర్వేరుగా కాక అందరూ కలిసి ఒకే లేఖగా ఇచ్చి, దాని నకలుపై యాజమాన్యం సంతకం తీసుకోవడం మంచిది. సంఘం ఉన్నచోట సంఘం ద్వారా, లేనిచోట ముగ్గురు నలుగురు ప్రతినిధుల ద్వారా ఈ పని చేయవచ్చు. చర్చలు ఫలించకపోతే కార్మిక శాఖలోని రాజీ అధికారి దృష్టికి తీసుకుపోవచ్చు. వివాదంపై రాజీ ప్రక్రియ నడుస్తున్నంత కాలం దానికి సంబంధించిన సేవా నిబంధనలను శ్రామికులకు నష్టం కలిగేలా మార్చడాన్ని కోడ్ అనుమతించదు.

వాయిదాలు, పొదుపు, ఖాతాలు

వేతన కాలం మారినప్పుడు అప్పుల వాయిదాల కాలం కూడా మారాలి. వారం వారం జీతం వచ్చే ఇంటికి వారపు వాయిదా బరువుగా తోచదు. నెలకొకసారి జీతం వచ్చే ఇంటికి అదే వాయిదా నెలలో మూడు వారాలపాటు కొత్త అప్పుకు కారణమవుతుంది. సూక్ష్మరుణాల వసూళ్లపై తీవ్ర ఆందోళన వ్యక్తమైన 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసి, వాయిదాలు నెలసరిగా మాత్రమే ఉండాలని నిర్దేశించడానికి వారపు వసూళ్ల ఒత్తిడి ఒక ముఖ్య కారణం. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు జారీ చేసిన మార్గదర్శకాలు రుణగ్రహీత అవసరాన్ని బట్టి వాయిదాల కాలాన్ని ఎంచుకునే వెసులుబాటు కల్పించాలని రుణసంస్థలను ఆదేశించాయి. కుటుంబపు నెలసరి రుణ చెల్లింపులు నెల ఆదాయంలో 50 శాతానికి మించరాదన్న నిబంధన కూడా అందులో ఉన్నది. వేతన కాలం మారినదని చూపే నోటీసు నకలు జతచేసి వాయిదా తేదీ మార్చమని దరఖాస్తు చేయడం ఈ సందర్భంలో ఉపయుక్తం. స్వయం సహాయక సంఘాల సభ్యులైతే సంఘ సమావేశంలో తీర్మానం ద్వారా పొదుపు తేదీని పదవ తేదీ తరువాతకు జరుపుకోవచ్చు.

బ్యాంకు ఖాతా నుంచి తనంతట తాను కట్ అయ్యే వాయిదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జీతం ఏడవ తేదీన పడుతూ, వాయిదా అయిదవ తేదీన కట్ అయ్యేట్లు ఉంటే ప్రతి నెలా వాయిదా వెనక్కి పోయి జరిమానా పడుతుంది. 2007 నాటి చెల్లింపులు, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టం ప్రకారం ఖాతాలో నిల్వ చాలక ఎలక్ట్రానిక్ చెల్లింపు వెనక్కి పోవడం చెక్కు బౌన్సు వలెనే నేరంగా పరిగణింపబడే అవకాశం ఉన్నది. జీతపు తేదీ తెలిసిన వెంటనే బ్యాంకుకు వెళ్లి వాయిదా తేదీని మార్పించుకోవాలి.

తాత్కాలిక అవసరానికి జన్ ధన్ ఖాతాలోని ఓవర్‌డ్రాఫ్టు సౌకర్యాన్ని పరిశీలించవచ్చు. దీని పరిమితిని 2018లో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఖాతా సక్రమంగా నడుస్తూ ఉండాలి, ఇంటికి ఒకరికే వర్తిస్తుంది. చేబదులు వడ్డీతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ ఖర్చుతో కూడుకున్నది.

కిరాణా పద్దు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. వారానికొకసారి తీర్చే పద్దు నెలకొకసారి తీర్చేదిగా మారినప్పుడు సరుకు ధరలో రూపాయి, అర్ధరూపాయి చొప్పున తేడా వచ్చే అవకాశం ఉన్నది. నెల మొదట్లోనే బియ్యం, పప్పు, నూనె నగదుపై ఒకేసారి కొని, మిగిలిన సొమ్మును నాలుగు వారాలకు విడివిడిగా తీసి ఉంచుకునే ఇళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. నెలసరి వేతనంలో ఇదొక్కటే నిజమైన సౌలభ్యం అనవచ్చు, పెద్ద మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది.

నెల జీతం వారానికి మారినప్పుడు

దీనికి విపర్యయంగా నెలసరి నుంచి వారపు లేదా పక్షపు చెల్లింపునకు మారడం తక్కువగానే జరుగుతుంది. అందులో మొదటి నెల గండం ఉండదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, కరెంటు బిల్లు వంటి నెలసరి ఖర్చులకు ప్రతి వారం కొంత తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకోవాలి. భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. చందాలను యజమాని ప్రతి నెలా మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేయాలన్న నియమంలో, వేతనం ఏ పద్ధతిలో చెల్లించినా, మార్పు ఉండదు. పద్ధతి మారిన మొదటి రెండు నెలలు జమలు సరిగా పడినవో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోవడం మంచిది.

చెల్లింపులు ఎంత తరచుగా అన్నదానితో పాటు చెప్పిన రోజుకు అందడం కూడా కుటుంబాలకు ఎంతో అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో విజయనగరంతో సహా ఎనిమిది జిల్లాలలో ఉపాధి హామీ కూలికి, సామాజిక పింఛన్లకు స్మార్ట్ కార్డుల విధానాన్ని ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అన్న ఆర్థికవేత్తలు దాని ఫలితాలను అధ్యయనం చేసి 2016లో ప్రచురించారు. కూలి అందే వ్యవధి 29 శాతం తగ్గినట్లు, ఏ రోజు అందుతుందో తెలియని స్థితి కూడా తగ్గినట్లు వెల్లడైనది. శనివారం తప్పక అందే 3,000 రూపాయలకు, ఏడవ తేదీనో పన్నెండవ తేదీనో అందే 13,000 రూపాయలకు ఉన్న తేడా ఇటువంటిదే.

ఫిర్యాదు చేయు విధానం

చట్టం చెప్పిన గడువులోగా వేతనం అందకపోయినా, నెల వేతనం లెక్క తగ్గినా వేతనాల కోడ్ 45వ సెక్షను కింద నియమితమైన అధికారి వద్ద క్లెయిము దాఖలు చేయవచ్చు. శ్రామికుడు స్వయంగా గాని, అతడు సభ్యుడైన రిజిస్టర్డ్ కార్మిక సంఘం గాని, ఇన్‌స్పెక్టర్ గాని దరఖాస్తు చేయవచ్చు. రావలసిన మొత్తంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉన్నది. క్లెయిమును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్ నిర్దేశించింది. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి కాంట్రాక్టరు చెల్లించని పక్షంలో ప్రధాన యజమాని చెల్లించవలసి ఉంటుంది.

క్లెయిముకు బలం చేకూర్చేవి చిన్న కాగితాలే. పాత వారపు చీటీలు, కొత్త వేతన స్లిప్పులు, బ్యాంకు పాసుపుస్తకంలోని ఎంట్రీలు, గోడపై అంటించిన నోటీసు ఫొటో, హాజరు రాసుకున్న డైరీ వీటిలో ఏది ఉన్నా భద్రపరచాలి. వేతన స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత. న్యాయవాదిని నియమించుకొనే స్తోమత లేనివారు న్యాయ సేవా సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, పారిశ్రామిక శ్రామికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. క్లెయిము దాఖలు చేయడానికి గడువు, సొమ్ము రావలసిన తేదీ నుంచి మూడు సంవత్సరాలు. 1936 నాటి చట్టం కింద ఇది 12 నెలలు మాత్రమే ఉండేది.